దేశం పేరుతో పిలుపు వస్తే

హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. బయట పోస్టర్ మీద "అంతర్జాతీయ వేదికలపై భారతీయ కళ" అని వేశారు. అంత పెద్ద విషయం నా వల్ల కాదు. ఒక ఫోన్ కాల్ గురించి చెబుతాను. అది మనల్ని ఎక్కడిదాకా తీసుకెళ్తే అక్కడిదాకా వెళ్దాం.

మొన్న దసరా ముందు నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. సిద్దిపేట వైపు పల్లె. లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే ఎచింగ్ బాగా చేస్తుంది. "సార్, నన్ను ఇండియా తరఫున సెలెక్ట్ చేశారు, యూరప్‌లో బినాలే!" అంది. బినాలే అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన. మెయిల్ పంపమన్నాను. పైన బంగారు రంగు ముద్ర, కింద వంకీలు తిరిగిన సంతకం, మధ్యలో "మీ దేశానికి ప్రాతినిధ్యం వహించే అరుదైన గౌరవం". అసలు సంగతి మూడో పేజీలో ఉంది. గోడ మీద మీటరు జాగాకు ఇన్ని యూరోలు, కేటలాగ్‌లో పేజీకి ఇన్ని, రవాణా ఖర్చు మీదే. గోడ అద్దెకిస్తున్నారన్నమాట. అప్పటికే వాళ్ల నాన్న, నెలనెలా కడుతున్న చిట్టీని ఈసారి పాడేద్దామని నిర్ణయించుకున్నాడట. ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కూడా కట్టేశారు.

నాకు నవ్వు రాలేదు. ఆ వయసులో నాకూ అలాంటి పిలుపు వచ్చింది. అప్పట్లో మెయిళ్లెక్కడివి, విదేశీ స్టాంపు అంటించిన కవరు. నేను డబ్బు కట్టాను కూడా. గొట్టంలో చుట్టి పంపిన నాలుగు బొమ్మల్లో మూడు పద్నాలుగు నెలలకు తిరిగొచ్చాయి. నాలుగోది ఇప్పటికీ రాలేదు.

అందుకే ఆ అమ్మాయిని ఒకటే అడిగాను: పిలిచింది ఎవరమ్మా? దేశం తనంతట తాను ఉత్తరం రాయదు. ఎక్కడో ఓ గదిలో కూర్చుని ఎవరో రాస్తారు, ఇంకెవరో డబ్బు కడతారు. ఆ ఎవరో ఎవరన్నది తేలితే సగం విషయం తేలినట్టే.

అసలైన పిలుపు ఎలా ఉంటుందో వెనిస్‌లో చూడొచ్చు. అక్కడి బినాలే 1895లో మొదలైంది. 1907లో బెల్జియం జార్దీని తోటలో సొంత పెవిలియన్, అంటే తన కళాకారుల పని చూపించుకునే భవనం, కట్టుకుంది. తర్వాత ఒక్కో దేశం ఒక్కోటి కట్టుకుంటూ పోయింది. పెళ్లికి ఊరంతా విడిది ఇళ్లు ఇచ్చినట్టు ఉంటుంది ఆ తోట. మనకు అక్కడ సొంత విడిది లేదు. ఈమధ్య ఎప్పుడు వెళ్లినా ఆర్సెనాలే అనే పాత నౌకల కార్ఖానాలో జాగా చూసుకోవాల్సిందే.

వెళ్లడం మాత్రం ఎన్నిసార్లు వెళ్లాం? 2011లో కేంద్ర ప్రభుత్వ సంస్థ లలిత కళా అకాడమీ పూనుకుని, కళాకారుల్ని ఎంచి ప్రదర్శన కూర్చే క్యూరేటర్‌గా రంజిత్ హోస్కోటేను పిలిచి పెవిలియన్ పెట్టింది. తర్వాత 2013, 2015, 2017 ఖాళీ. 2019లో గాంధీ 150వ జయంతి పేరుతో వెళ్లాం. మళ్లీ 2022, 2024 ఖాళీ. ఇంత పెద్ద దేశం తన కళాకారుల్ని ఇలా, గుర్తొచ్చినప్పుడే పిలుస్తోంది.

ఈ ఖాళీల్లో ఒక తమాషా జరిగింది. 2013లో భారత్‌కు పెవిలియన్ లేదు కానీ, మన దయానితా సింగ్ ఫొటోలు వెనిస్‌లో ఉన్నాయి. ఎక్కడ? జర్మనీ పెవిలియన్‌లో! ఆ ఏడు జర్మనీ, ఫ్రాన్స్ తమ భవనాలు మార్చుకున్నాయి. జర్మనీ పిలిచిన నలుగురిలో ఈమె ఒకరు, చైనా నుంచి ఐ వేవే ఇంకొకరు. అంటే ఢిల్లీ కళాకారిణి ఫ్రాన్స్ ఇంట్లో జర్మనీ అతిథి. అంతకుముందు 1990లో బ్రిటన్ పెవిలియన్ నిండా అనీశ్ కపూర్ శిల్పాలే, ఆయన పుట్టింది బొంబాయిలో.

2011లో హోస్కోటే ఎంపిక నాకు నచ్చింది కూడా ఇందుకే. ఢిల్లీ, ముంబై గ్యాలరీల్లో బాగా అమ్ముడుపోయే పేర్ల జోలికి ఆయన పోలేదు. అలీగఢ్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ జరీనా, కోల్‌కతాకూ ఆమ్‌స్టర్‌డామ్‌కూ మధ్య తిరిగే ప్రణీత్ సోయి, గువాహటి నుంచి డిజైర్ మెషీన్ కలెక్టివ్ అనే కళాకారుల బృందం, కేరళ నుంచి ఢిల్లీ వచ్చిన జీజీ స్కారియా. స్కారియా అక్కడ ఒక లిఫ్ట్ పెట్టాడు. మనుషులు ఎక్కుతారు, తలుపులు మూసుకుంటాయి. లిఫ్ట్ కదలదు. చుట్టూ గోడల మీద వీడియో కదులుతుంది. కింద కార్ పార్కింగ్ నుంచి ఒక్కో అంతస్తూ దాటుతూ, ఒక్కో తరగతి మనుషుల ఇళ్లు కళ్లముందు జారిపోతాయి. నిలబడ్డచోటే నిలబడి భారతదేశం ఎక్కి దిగుతారు.

2019లో ప్రదర్శన కూర్పు ఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియం చూసుకుంది, వెనక సాంస్కృతిక శాఖ ఉంది. ఆ పెవిలియన్‌లో నందలాల్ బోస్ హరిపుర పోస్టర్లు పెట్టారు. 1938లో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెస్ మహాసభకు గాంధీ అడిగితే, నందలాల్ తన శిష్యులతో కలిసి నాలుగు వందల దాకా వేశారు. డోలు కొట్టేవాడు, వేటగాడు, పని చేసుకునే ఆడవాళ్లు, అన్నీ చేతి కాగితం మీద, నాలుగు గీతల్లో. సభకు నడిచొచ్చే రైతులు దారిలో చూడాలని వేసినవి అవి. మన చిత్తూరు జిల్లా నుంచి శాంతినికేతన్ వెళ్లి, తర్వాత పారిస్‌లో ప్రింట్‌మేకింగ్ తీరునే మార్చిన కృష్ణారెడ్డికి గురువు ఈ నందలాలే. నందలాల్ బొమ్మలు దేశం దాటకూడదని 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం కింద నియమం ఉంది. ప్రదర్శనకు తాత్కాలికంగా తీసుకెళ్లాలన్నా సర్కారు అనుమతి కావాలి. అన్నీ దాటుకుని వెళ్తే, వెనిస్‌లో చివరి అంచె పడవే. చెక్కపెట్టెలో ఉన్న మీ కాగితం ఉప్పు గాలిలో కాలువ దాటుతుంది. ప్రింట్లు చేసేవాళ్లు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

అదే పెవిలియన్‌లో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ బొమ్మ కూడా ఉంది. 1971లో బ్రెజిల్‌లోని సావో పాలో బినాలేకు పికాసోతో పాటు ప్రత్యేక ఆహ్వానం అందుకున్న మనిషి. అంతకుముందు ఇదే హైదరాబాద్‌లో బద్రీవిశాల్ పిత్తి అండతో రామాయణం బొమ్మలు వేసిన మనిషి. బెదిరింపులు, కేసుల మధ్య దేశం వదిలి, 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకుని, మరుసటేడు లండన్‌లో కన్నుమూశారు. ఎనిమిదేళ్ల తర్వాత ఆయన బొమ్మ భారత్ పేరున వెనిస్ వెళ్లింది. పిలుపు ఆలస్యంగా రావడం అంటే ఇదే.

ఇచ్చిన పిలుపు వెనక్కి పోవడమూ ఉంది. 2025 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా తన వెనిస్ పెవిలియన్‌కు లెబనాన్‌లో పుట్టిన ఖాలిద్ సబ్సాబీని ఎంపిక చేసింది. ఆయన పాత వీడియోల మీద పార్లమెంటులో గొడవ లేచింది. వారం తిరక్కుండానే ఎంపిక రద్దు. కళాకారులు ఊరుకోలేదు. జులైలో మళ్లీ ఆయన్నే పిలిచారు.

"సార్, దేశం తరఫున వెళ్తే దేశాన్ని పొగడాలా?" అని ఇందాక ఒకబ్బాయి చీటీ పంపాడు. 1993లో జర్మనీ పిలిస్తే హాన్స్ హాకే ఏం చేశాడో విను బాబూ. ఆ భవనం నాజీల కాలంలో మార్చి కట్టినది. గుమ్మంలో, 1934లో హిట్లర్ అక్కడికి వచ్చినప్పటి ఫొటో పెట్టాడు. లోపల నేల మొత్తం పగలగొట్టాడు. వచ్చినవాళ్లు ఆ పలకల మీద తూలుతూ నడిచారు, కాళ్లకింద చప్పుడు హాలంతా మోగింది. ఆయనకూ, అదే పెవిలియన్‌లో ఉన్న నామ్ జూన్ పైక్‌కూ కలిపి బంగారు సింహం అవార్డు ఇచ్చారు. మన దగ్గర అలా నేల పగలగొడితే ఏమవుతుందో నన్నడక్కండి.

వెనిస్‌లో మన 2026 పెవిలియన్‌కు ఐదుగురిని ఎంపిక చేశారు. వాళ్లలో పాత కాగితం గుజ్జుతో పనిచేసే లద్దాఖ్ యువకుడు స్కర్మా సోనమ్ తాషీ ఉన్నాడని చూసి సంతోషించాను. అయినా నా కోరిక నాదే. ఎవరు ఎంచుతున్నారో ముందే చెప్పాలి, దరఖాస్తులు అందరి దగ్గరా తీసుకోవాలి, రెండేళ్ల ముందు మొదలుపెట్టాలి. అప్పుడు సిద్దిపేట అమ్మాయి కూడా ఒక కవరు పంపుకుంటుంది, గోడకు అద్దె కట్టకుండా.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. నేను చెప్పినట్టే రాసింది: "నన్ను ఎంచిన కమిటీలో ఎవరున్నారు? మా ప్రభుత్వానికి తెలుసా?" అని. గంటలో జవాబు వచ్చింది. శుక్రవారం లోపు కడితే పది శాతం డిస్కౌంట్ అట. చిట్టీ అలాగే ఉంది. ఫ్లెక్సీ గట్టి సరుకు, పారేయబుద్ధి కాక వాళ్ల నాన్న దాన్ని గడ్డివాము మీద కప్పాడు. మొన్నటి వానకు గడ్డి తడవలేదని చెప్పింది.