బీచ్ బంతి కూడా గ్రహాంతరవాసే

అక్క: నమస్కారం. మైకులో చప్పుడు రాకూడదని ఫ్యాన్ ఆపేశాం, కిటికీలు మూసేశాం. ఎంవీపీ కాలనీలో ఈ టైంలో ఉక్కపోత ఎలా ఉంటుందో వైజాగ్ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నేరుగా విషయంలోకి వచ్చేద్దాం. ఒరే తమ్ముడూ, నిన్న రాత్రి నువ్వు చూపించిన సినిమాలో గ్రహాంతరవాసి ఒక బంతి!

తమ్ముడు: బంతే అక్కా. ఆర్కే బీచ్‌లో పిల్లలకు అమ్ముతారు చూడు, గాలి ఊదే బంతి, అలాంటిదే. దానికి రంగు పూసి, కింద గోళ్లున్న కాళ్లు తగిలించారు. అంతే.

అక్క: కనబడగానే పగలబడి నవ్వాను. కాసేపటికి అది అంతరిక్ష నౌకలోని ఒక మనిషిని లిఫ్ట్ దారిలో వేలాడేలా చేసేసరికి గుండె గుబగుబలాడింది. బంతి అని తెలుసు, అయినా భయపడ్డాను. ఏటిరా ఇది అనుకున్నాను.

తమ్ముడు: ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న మీదే. తక్కువ ఖర్చుతో తీసిన సైన్స్ ఫిక్షన్ సినిమాలు, నకిలీ అని తెలిసినా మనల్ని ఎలా నమ్మిస్తాయి? సినిమా పేరు డార్క్ స్టార్, 1974లో విడుదలైంది. దర్శకుడు జాన్ కార్పెంటర్. డాన్ ఓబానన్‌తో కలిసి రాశాడు. కాలిఫోర్నియాలో ఫిల్మ్ స్కూల్ విద్యార్థులుగా మొదలుపెట్టి, దొరికినప్పుడల్లా డబ్బు తెచ్చుకుంటూ దాన్ని పూర్తి సినిమాగా పెంచారు. మొత్తం ఖర్చు సుమారు 60 వేల డాలర్లు. కార్పెంటర్ సంగీతం కూడా చేశాడు. ఓబానన్ ఒక ముఖ్య పాత్ర వేశాడు, ఎడిటింగ్ చేశాడు, ఎఫెక్ట్స్ కూడా చూసుకున్నాడు.

అక్క: ఆ బంతితో కుస్తీ పట్టేది ఆయనేగా?

తమ్ముడు: ఆయనే. చూడు, ఆ సీన్‌లో ఆయన ఒక్క క్షణం కూడా "ఇది బంతి, మనందరికీ తెలుసు" అన్నట్టు చూడడు. దానికి తిండి పెట్టాలని విసుక్కుంటాడు, తప్పించుకుంటే తిడతాడు, అది మీద పడితే నిజంగా భయపడతాడు. మన నమ్మకం బంతిని చూసి కలగదు, ఆయన ముఖం చూసి కలుగుతుంది.

అక్క: ఇది వింటుంటే తాతయ్య గుర్తొస్తున్నాడు. చిన్నప్పుడు మనల్ని సురభి వాళ్ల మాయాబజార్ నాటకానికి తీసుకెళ్లాడు కదా. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్తుంటే నువ్వు "దారం కనిపిస్తోంది" అని అరిచావు.

తమ్ముడు: తాతయ్య ఏమన్నాడో గుర్తుందా? "దారం కనిపించినా లడ్డూ ఎగురుతోంది కదరా" అన్నాడు. నాకు ఆ మాట అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

అక్క: సురభి వాళ్లు 1885 నుంచి ఆడుతున్నారు. ఇన్ని తరాల ప్రేక్షకులకూ దారం సంగతి తెలుసు. తెలిసే వెళ్తారు. ఘటోత్కచుడు వేసిన ఆయన మాత్రం ఆ లడ్డూని నిజంగా రుచి చూస్తున్నట్టే తింటాడు. మనకు కొత్తేం కాదు ఈ పద్ధతి. గోనెసంచి కప్పుకుని వచ్చి సింహం అంటే సింహమే అనుకున్న జనం మనం.

తమ్ముడు: అందుకే నాకు ఒక సంగతి మీద పట్టింపు ఉంది. ఇలాంటి సినిమాల గురించి మాట్లాడేటప్పుడు కొంతమంది "ఎంత చెత్తగా ఉందో, అదే మజా" అంటారు. నేను ఒప్పుకోను. కావాలని చెత్తగా తీసిన సినిమా ఐదు నిమిషాల్లో విసుగొస్తుంది. కాలేజీలో ఉన్నప్పుడు మా బ్యాచ్ ఎర్రమట్టి దిబ్బల్లో తీసిన షార్ట్ ఫిల్మ్ నువ్వు చూశావుగా.

అక్క: హెల్మెట్‌కు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, అంగారకుడి మీద దిగినట్టు.

తమ్ముడు: అవును. దిబ్బలు ఎంత బాగున్నాయో! భీమిలి రోడ్డులో 900కె బస్సు దిగి కాసేపు నడిస్తే వేరే గ్రహం మీద ఉన్నట్టే ఉంటుంది. కానీ మేమంతా కెమెరా వైపు తిరిగి కన్ను కొడుతూ నటించాం. "మాకూ తెలుసులెండి ఇది ఫాయిల్ అని" అన్నట్టు. స్నేహితులకు చూపిస్తే మొదటి నిమిషం నవ్వారు, తర్వాత ఫోన్లు తీశారు. ఆ రోజు చాలా బాధపడ్డాను. మేం నమ్మనిది వాళ్లెందుకు నమ్ముతారు?

అక్క: వినేవాళ్లకు ఒక మాట. ఆ దిబ్బలు భూవారసత్వ సంపదగా గుర్తించిన చోటు. షూటింగ్‌కు వెళ్తే అనుమతి తీసుకోండి, అంచుల మీద ఎక్కకండి. ఆ మట్టి చాలా తేలిగ్గా రాలిపోతుంది. సరే, డార్క్ స్టార్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది బాంబుతో వాదన. అది చెప్పు.

తమ్ముడు: ఆ అంతరిక్ష నౌకలో మాట్లాడే బాంబు ఉంటుంది. పొరపాటున పేలడానికి సిద్ధమైపోతుంది, ఆగమంటే ఆగదు. అప్పుడు ఒకాయన స్పేస్ సూట్ వేసుకుని బయటికెళ్లి దాని ముందు తేలుతూ తత్వం మాట్లాడతాడు. నువ్వు ఉన్నావని నీకెలా తెలుసు? నీకు పేలమని ఆజ్ఞ వచ్చిందని ఎలా నమ్ముతున్నావు?

అక్క: చీకట్లో తాడుని చూసి పాము అనుకోవడం ఉందే, అచ్చం ఆ చర్చ! మన పురాణ కాలక్షేపాల్లో ఎన్నిసార్లు విన్నాం. అది బాంబుకు చెప్పడం, బాంబు శ్రద్ధగా విని ఆలోచనలో పడటం... నవ్వుతూనే ఉన్నాను, లోపల మాత్రం ఎక్కడో తగిలింది.

తమ్ముడు: ఆ సీన్‌కు ఏం ఖర్చయి ఉంటుంది? ఒక బొమ్మ బాంబు, ఒక సూట్, ఒక గొంతు. ఇంకో సంగతి చెప్పాలి. నౌక ఇరుకు దారుల్లో ఒక జీవి, దాని వెనక మనిషి, ఇదే ఆలోచనను ఓబానన్ తర్వాత భయపెట్టేలా రాశాడు. అదే 1979లో వచ్చిన ఏలియన్. ఆ మహా భయంకరమైన జీవికి పూర్వీకుడు మన బీచ్ బంతి.

అక్క: జపాన్ సినిమా గురించి కూడా చెప్తానన్నావు.

తమ్ముడు: బియాండ్ ది ఇన్ఫినిట్ టూ మినిట్స్, 2020. దర్శకుడు జుంటా యమగుచి, రాసింది మకోటో ఉయెదా. క్యోటోలోని యూరప్ కికాకు అనే నాటక బృందం తీసింది. ఒక కాఫీ కొట్టు, పైన యజమాని గది. గదిలోని కంప్యూటర్ తెరలో కింది కొట్టు కనిపిస్తుంది, కానీ రెండు నిమిషాల తర్వాతి కొట్టు. సినిమా అంతా ఈ ఒక్క నియమమే. 70 నిమిషాలు ఒకే షాట్‌లా కనిపిస్తుంది, తీసింది ఫోన్‌తో.

అక్క: ఒకే షాట్ అంటే మరి తెరలో కనిపించే భవిష్యత్తు?

తమ్ముడు: కష్టమంతా అక్కడే ఉంది. తెరలో ఆడే వీడియోతో ఎదురుగా నిలబడ్డ నటులు సెకన్ల లెక్కన సరిపోవాలి. రెండు నిమిషాల తర్వాత అదే మాటలు అదే తీరులో మళ్లీ అనాలి. ఒక్కరు తడబడితే అంతా పోతుంది. డబ్బున్నవాళ్లు గ్రాఫిక్స్‌తో సర్దుకునేదాన్ని వీళ్లు రిహార్సల్‌తో సాధించారు. చూస్తుంటే ఆ శ్రమ మనకు తెలుస్తుంటుంది. ఒక పక్క కథలో మనుషుల కంగారు, ఇంకో పక్క నటుల పట్టుదల, రెండూ కలిసి నన్ను కట్టిపడేశాయి.

అక్క: నాకు మాత్రం ఇంటికి దగ్గరగా అనిపించింది మలయాళం ఆండ్రాయిడ్ కుంజప్పన్. 2019లో వచ్చింది. పల్లెటూళ్లో మొండి నాన్న, విదేశంలో కొడుకు, నాన్నను చూసుకోవడానికి కొడుకు తెచ్చిపెట్టిన రోబో. పెద్దాయన మొదట చీదరించుకుని, చివరికి దానికి చొక్కా, పంచె తొడుగుతాడు. ఆ సూట్ లోపల ఉన్నది సూరజ్ తేలక్కాడ్ అనే నటుడు. మన వీధిలో ఎన్ని ఇళ్లలో పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఇక్కడ! నవ్వుతూ మొదలుపెట్టి, అమ్మకు ఫోన్ చేయాలనిపించి ఆపేశాను, తర్వాత మళ్లీ చూశాను.

తమ్ముడు: మనూరికి ఇలాంటిది అసాధ్యమేం కాదు. 2018లో కేరాఫ్ కంచరపాలెం సినిమాలో దర్శకుడు వెంకటేశ్ మహా 80 మందికి పైగా స్థానికులతో నటింపజేశాడు, వాళ్లలో ఎక్కువమందికి అదే మొదటిసారి. అది సైన్స్ ఫిక్షన్ కాదు, కానీ ఊరిని నమ్మితే ఏమవుతుందో చూపించింది. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లినప్పుడల్లా ఆ మీటర్లు, పైపులు, ఇరుకు పడకలు చూసి ఇది అంతరిక్ష నౌక కాక మరేమిటి అనిపిస్తుంది.

అక్క: నీ దగ్గర కథ ఉంది కదా, చెప్పు. దాచకు.

తమ్ముడు: కైలాసగిరి రోప్‌వే. ఒకాయన పైకి వెళ్లి కిందకు దిగితే, బయలుదేరిన టైం కంటే 10 నిమిషాలు ముందే దిగుతాడు. నియమం ఇదొక్కటే.

అక్క: కింద మురీ మిక్స్చర్ బండి ఉండాలి, మరమరాలు కలిపి పొట్లం కట్టి ఇస్తారు చూడు, అది. అది లేకపోతే వైజాగ్ ఎలా అవుతుంది?

తమ్ముడు: ఉంది. ఈయన ఐదింటికి ఒక పొట్లం కొనుక్కుని ఎక్కుతాడు. దిగేసరికి నాలుగూ యాభై. చేతిలో పొట్లం అలాగే ఉంది. బండాయన ఆశ్చర్యంగా "ఇది నా పొట్లమే, నేనింకా కట్టలేదే" అని కొంచెం నోట్లో వేసుకుంటాడు. అందులో పచ్చి మామిడికాయ ముక్కలు ఉంటాయి. ఆయన ఎప్పుడూ మామిడికాయ వేయడు. రుచి నచ్చుతుంది. పక్క బండిలో ఒక కాయ కొని తరిగి కలపడం మొదలుపెడతాడు. ఐదింటికి మనాయన వచ్చి ఆ పొట్లమే కొంటాడు.

అక్క: ఆగు, ఆగు. తిన్నాక కదా మామిడికాయ వేసింది. వేశాక కదా ఆయన కొన్నది. మరి మామిడికాయ వేయాలని మొదట అనుకున్నది ఎవరు?

తమ్ముడు: బండాయనకు కూడా ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేసరికి టికెట్ కొని ఆయనే రోప్‌వే ఎక్కుతాడు.

అక్క: బండి ఎవరు చూసుకుంటారు మరి?

తమ్ముడు: ఆయనే. 10 నిమిషాలు ముందు దిగిన ఆయన.