బయోమెడికల్ పీహెచ్‌డీ: కోర్స్‌వర్క్ పాసయ్యారు సరే, మీ ‘ఎన్’ ఎంత?

నమస్కారం అండీ. బయోమెడికల్ సైన్సెస్‌లో పీహెచ్‌డీకి చేరినవాళ్లకి, చేరబోయేవాళ్లకి ఈ వీడియో.

రూల్స్ గబగబా చెప్పేస్తాను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. అందులో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ తప్పనిసరి. కోర్స్‌వర్క్‌లో 55 శాతం రాకపోతే థీసిస్ ఇవ్వడానికి లేదు. ఆపైన ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు నిలబడాలి.

అసలు కథ ఆ కమిటీ దగ్గరే మొదలవుతుంది. బయోస్టాటిస్టిక్స్‌లో మంచి మార్కులు వచ్చినవాళ్లు కూడా ఒక్క ప్రశ్నకి నీళ్లు నములుతారు: “ఎన్ ఎంత?” అంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని విడి శాంపిల్స్ ఎన్ని అని.

ఉదాహరణ చూడండి. మందు ఇచ్చిన ఎలుకలు 3, ఇవ్వనివి 3. ఒక్కో ఎలుక కాలేయం నుంచి ఆర్‌ఎన్‌ఏ తీశారు, దాన్ని సీడీఎన్‌ఏగా, అంటే డీఎన్‌ఏ కాపీగా మార్చారు, జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే క్యూపీసీఆర్ ప్లేట్‌లో ఒక్కో శాంపిల్‌ని మూడేసి వెల్స్‌లో, అంటే చిన్న గుంతల్లో వేశారు. గ్రూపుకి 9 సీటీ విలువలు వచ్చాయి. సీటీ అంటే సిగ్నల్ కనిపించడానికి మెషీన్‌కి పట్టిన సైకిల్స్ సంఖ్య. ఎన్ 9 అని పెట్టి, రెండు గ్రూపుల సగటుల్ని పోల్చే టీ టెస్ట్ కొడితే పీ విలువ ముచ్చటగా చిన్నదైపోతుంది, తేడా నిజమే అన్నట్టు కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు. కానీ ఎన్ 9 కాదు, 3. ఒకే శాంపిల్ వేసిన మూడు వెల్స్ మధ్య తేడా మీ చేతి గురించి, మెషీన్ గురించి చెబుతుంది. ఎలుకకీ ఎలుకకీ ఎంత తేడా ఉందో చెప్పదు.

మరి ఎలా చేయాలి? మూడు వెల్స్‌కి సగటు తీయండి. టార్గెట్ జీన్ (మీరు చూడాలనుకున్నది) సీటీలోంచి రిఫరెన్స్ జీన్ (మందుతో మారనిది) సీటీ తీసేయండి. అలా ఒక్కో ఎలుకకి ఒక్కటే డెల్టా సీటీ మిగులుతుంది. టీ టెస్ట్ ఆ డెల్టా సీటీల మీద చేయండి, ఫోల్డ్ చేంజ్ (ఎన్ని రెట్లు మారిందన్న లెక్క) మీద వద్దు. ఫోల్డ్ చేంజ్ 2, 4, 8 అంటూ రెట్టింపులుగా నడుస్తుంది కాబట్టి విలువలు ఒకవైపుకి సాగిపోతాయి.

సెల్ కల్చర్‌కీ ఇదే లెక్క. ఒకే ఫ్లాస్క్ సెల్స్‌ని ఒకే రోజు మూడు వెల్స్‌లో వేసి ఎన్ 3 అంటే కుదరదు. వేరే పాసేజ్‌తో (సెల్స్‌ని కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చి పెంచిన ఇంకో విడతతో), వేరే రోజుల్లో మొత్తం ప్రయోగం మళ్లీ చేయాలి.

వెల్స్ మధ్యే తేడా ఎక్కువగా ఉందా? ఒక్క సీటీ తేడా అంటే దాదాపు రెట్టింపు తేడా, చిన్నదేం కాదు. ముందు పిపెట్‌ని అనుమానించండి. 100 మైక్రోలీటర్ల నీళ్లు పదిసార్లు తీసి అనలిటికల్ బ్యాలెన్స్ మీద తూయండి. ఒక్కోటి దాదాపు 100 మిల్లీగ్రాములు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తుంటే లోపం చేతిది. అన్నీ ఒకేలా తక్కువ వస్తే కాలిబ్రేషన్‌కి పంపండి. అన్నీ ఎక్కువ వస్తే, నీళ్లు తీసేటప్పుడే పిపెట్ బటన్‌ని రెండో స్టాప్ దాకా నొక్కుతున్నారేమో చూసుకోండి. ఇంకో మాట: సీడీఎన్‌ఏ 1 మైక్రోలీటర్ వేసే బదులు, దాన్ని పలుచన చేసి 4 లేదా 5 మైక్రోలీటర్లు వేయండి. చేతి లోపం బాగా తగ్గుతుంది.

ఎన్ ఎంతన్నది ప్రయోగం అయ్యాక తేల్చేది కాదు. జంతువుల ఎథిక్స్ కమిటీకి ఫారం బి పెట్టేటప్పుడే ఇన్ని ఎలుకలు ఎందుకో రాయాలి. “అందరూ ఆరు వాడుతున్నారు” అనేది జవాబు కాదండీ. 80 శాతం పవర్ (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం), పీ 0.05 అనుకుందాం. గ్రూపుల మధ్య తేడా ఒక స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) అంత ఉంటే గ్రూపుకి 17 ఎలుకలు కావాలి. రెండు డీవియేషన్లంత ఉంటే 6 చాలు. ఆ డీవియేషన్ ఎంతో పైలట్ ప్రయోగం నుంచో, అదే స్ట్రెయిన్ (ఎలుక రకం) మీద వచ్చిన పాత పేపర్ల నుంచో తీసుకోవాలి.

ఇంత లెక్క వేసీ చాలామంది పప్పులో కాలేసేది కేజ్ దగ్గర. మందు ఎలుకలన్నీ ఒక కేజ్‌లో, కంట్రోల్ ఎలుకలన్నీ ఇంకో కేజ్‌లో పెడతారు. ఒకే కేజ్‌లో ఉన్నవి ఒకదాని పెంట ఒకటి తింటాయి కాబట్టి పేగుల్లో బ్యాక్టీరియా కూడా ఒకేలా తయారవుతుంది. చివరికి కనిపించిన తేడా మందుదో కేజ్‌దో ఎవరూ చెప్పలేరు. ఇంజెక్షన్ ఇస్తున్నట్టయితే రెండు గ్రూపులనీ ఒకే కేజ్‌లో కలిపి, చెవికి గుర్తులు పెట్టండి. మందు తాగే నీళ్లలో కలుపుతుంటే అలా కుదరదు. అప్పుడు ఒక్కో గ్రూపుకి నాలుగైదు కేజ్‌లైనా పెట్టాలి, ఎన్ కింద ఎలుకల్ని కాదు, ఆ కేజ్‌లని లెక్కపెట్టాలి.