వైట్ మౌంటెన్ మట్టి రోడ్డు మీద ఈ గాలి పంపు

నమస్కారమండీ. నా చేతిలో ఉన్న, కారు టైర్లకు గాలి కొట్టే ఈ చిన్న పంపును కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. బ్యాటరీ ఎంత, బరువెంత అన్నవి మీరు ఈపాటికి చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. నేను దీన్ని కాలిఫోర్నియాలోని వైట్ మౌంటెన్‌కు తీసుకెళ్లాను.

ఆ శిఖరం ఎత్తు 4,344 మీటర్లు, రాష్ట్రంలో మూడోది. తెల్లవారుజామున బయలుదేరితే సాయంత్రానికి దిగిరావచ్చు. తాళ్లు పట్టుకుని ఎక్కే పని లేదు, రాష్ట్రంలోకెల్లా ఎత్తైన విట్నీ పర్వతానికిలా పర్మిట్ కోసం లాటరీ వేయాల్సిన అవసరమూ లేదు. అయినా జనం పలచగా ఉంటారు. కారణం రోడ్డేనని నా నమ్మకం.

బిగ్ పైన్ ఊరి నుంచి షుల్మన్ గ్రోవ్ దాకా తారు రోడ్డే. 4,800 ఏళ్లు దాటిన మెతూసెలా చెట్టు ఉన్నది ఆ తోపులోనే. ఏ చెట్టో మాత్రం బోర్డు పెట్టలేదు, ఎవరూ పాడుచేయకూడదని. అక్కడితో తారు అయిపోతుంది. ఇక కార్లు ఆగిపోయే గేటు దాకా దాదాపు 26 కిలోమీటర్లు మట్టి, రాళ్లు. గుండ్రాళ్లు కావు, పెచ్చులుగా విరిగి అంచు తేలిన రాళ్లు. టైరు బిగుతుగా ఉంటే రబ్బరు లొంగదు, తెగుతుంది. కొంత గాలి తీసేస్తే రాయి మీద మెత్తగా ఒదిగి దాటిపోతుంది, కుదుపులూ తగ్గుతాయి. గాలి తీయడం ఎవరైనా చేస్తారు. తిరిగి వచ్చాక, తారు రోడ్డు మీద వేగంగా దిగే ముందు, మళ్లీ నింపుకోవాలి. ఆ కొండ మీద గాలి కొట్టే దుకాణం ఉండదు, చాలాచోట్ల ఫోను సిగ్నలూ ఉండదు.

నా పాత పంపు కారులోని సాకెట్‌కు తగిలించేది. వైరు వెనక చక్రం దాకా అందేది కాదు. ముల్లు వణుకుతూ ఉంటే చక్రం పక్కన కూర్చుని దాన్నే చూస్తూ ఉండాలి. ఈ కొత్తదానిలో టైరు ఒత్తిడి 35 పీఎస్‌ఐ అని పెట్టి వదిలేస్తే 35 దగ్గర తనంతట తానే ఆగుతుంది. వేరే గేజితో సరిచూశాను, అంకె కలిసింది. పన్నెండు గంటలు ఎండలో, గాలిలో గడిపి వచ్చిన మనిషికి ఈ ఒక్క సదుపాయం ఎంత హాయో మాటల్లో చెప్పలేను.

చిరాకు పెట్టించింది గొట్టం చివరి ఇత్తడి మూతి. వరుసగా రెండు టైర్లు నింపేసరికి అది చుర్రుమంటుంది. పైగా మర తిప్పి విప్పాలి. చివరి చుట్టు దగ్గర వేళ్లు కాలుతుంటే, అప్పటిదాకా నింపిన గాలి కొంత బుస్సుమని పోతుంది. నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇక నడక. గేటు నుంచి రానూపోనూ 22 కిలోమీటర్ల పైమాటే. దారంతా పాత బండి బాటే, తప్పిపోయే భయం లేదు. 3,800 మీటర్ల దగ్గర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి బార్‌క్రాఫ్ట్ పరిశోధన కేంద్రం వస్తుంది. అది దాటాక చెట్టన్నది లేదు. ఎడమ చేతి వైపు సియెర్రా నెవాడా పర్వతశ్రేణి బారుగా కనిపిస్తుంది. ఆగి నిలబడితే నా ఊపిరి తప్ప మరో చప్పుడు లేదు. అలాంటి నిశ్శబ్దం కోసం నేను ఎంత చెడ్డ రోడ్డైనా వెళ్తాను.

శిఖరానికి ముందు బాట కొంత దిగి, మళ్లీ మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. తిరుగు ప్రయాణంలో అదే దిగుడు ఎక్కుడవుతుంది, అప్పటికి కాళ్లలో సత్తువ ఉండదు. పైన గాలి సముద్రమట్టం కంటే మూడో వంతుకు పైగా పలచన. ముందు రాత్రి కొండ మీదే పడుకోండి. దారిలో నీళ్లు దొరకవు, మోసుకెళ్లండి. మధ్యాహ్నం మబ్బు పడితే శిఖరం వదిలేసి దిగిపోండి, అక్కడ పిడుగులకు చాటు లేదు.

పంపు కొనవచ్చా అంటే, కొనండి. తనంతట తాను ఆగే ఆ ఒక్క గుణం కోసం నేను డబ్బు పెట్టి కూడా కొంటాను. కానీ టైరు పక్క గోడ తెగితే ఏ పంపూ పనికిరాదు. బయలుదేరే ముందు వెనక డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూడండి, కొత్త కార్లు చాలావాటిలో ఉండడం లేదు. కంపెనీ వారికి నా విన్నపం ఒక్కటే: ఆ మర మూతి తీసేసి, నొక్కితే పట్టుకునే క్లిప్పు పెట్టండి.