ఓడ దిగిన మెషినిస్టు: బాలానగర్ షాపులో అతని పనితనం

అందరికీ నమస్కారం.

పల్లెటూళ్లో పుట్టి, ఇంటర్లో లెక్కలూ ఫిజిక్సూ చదివి నేవీలో చేరి, పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో ఇంజన్ రూములో గడిపి, నలభై దాటకముందే హైదరాబాదు వచ్చి లేతు ముందు నిలబడే మనుషుల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు షాపు నడిపే యజమానుల్లో కొందరు, మాజీ నేవీ అనగానే గేటు దగ్గర సెక్యూరిటీకి బాగుంటాడనుకుంటారు. అంతకన్నా దండగ ఇంకోటి లేదు. పార్టు ఎందుకు పోయిందో తేలేదాకా కొత్త పార్టు చేయడు. అదీ అతని అసలు విద్య.

ఆ విద్యకు ఓనమాలు ఊళ్లోనే పడతాయి. సబ్‌మెర్సిబుల్ మోటార్లు రాకముందు బావి గట్టున ఆయిల్ ఇంజనూ, దానికో పంపూ ఉండేవి. ఇంజను తిరుగుతుంది, నీళ్లు రావు. ఫుట్‌వాల్వు (పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే కవాటం) కారుతోందా, సక్షన్ పైపు జాయింటులో గాలి పీలుస్తోందా, నీటిమట్టం దిగిపోయిందా? లెక్క ప్రకారం గాలి ఒత్తిడి నీటిని 10 మీటర్ల దాకా ఎత్తాలి. పాత పంపు 6, 7 మీటర్లు ఎత్తితే అదే గొప్ప. పంపులో గాలి పోయేలా బిందెలతో నీళ్లు పోసి ప్రైమింగ్ చేసిన కుర్రాడికి ఇది పుస్తకం తెరవక ముందే తెలుసు. ఓడలో సముద్రపు నీటి పంపులు మామూలుగా నీటిమట్టానికి కిందే ఉంటాయి గనక వాటికి ఈ బాధ లేదు. ఓడ అడుగున చేరిన నీటిని తోడే బిల్జ్ పంపు దగ్గరికి వస్తే మాత్రం మళ్లీ అదే బావి గట్టు.

ఒడిశాలో ఐఎన్ఎస్ చిల్కాలో తొలి శిక్షణ, ఇంజన్ విభాగం వాళ్లకు ఆపైన లోనావాలాలో ఐఎన్ఎస్ శివాజీ. చదువు సంగతి అలా ఉంచితే, మనిషిని మార్చేది వాచ్. నాలుగేసి గంటల కాపలా; సాయంత్రం 4 నుంచి 8 దాకా మాత్రం రెండు గంటల చొప్పున రెండు ముక్కలు, రోజూ ఒకే మనిషికి ఒకే వేళ రాకుండా. ఆయిల్ ప్రెషరు, బేరింగుల వేడి, నీటి ఉష్ణోగ్రత వేళ ప్రకారం లాగ్ పుస్తకంలో ఎక్కాలి. ఒక్క రీడింగు ఏమీ చెప్పదు. నిన్న 58, ఇవాళ పొద్దున 61, ఇప్పుడు 65 అంటే ఆ బేరింగు పోబోతోందన్న మాట.

గ్లాండు పని, అంటే పంపు షాఫ్టు బయటికొచ్చే చోట నీళ్లు కారిపోకుండా ప్యాకింగ్ రింగులు వేసే పని తీసుకోండి. చూడ్డానికి చిన్న పని, చెడగొట్టేవాళ్లే ఎక్కువ. ఆ రింగులు కూర్చునే స్టఫింగ్ బాక్సు లోపలి వ్యాసంలోంచి, షాఫ్టు మీది తొడుగైన స్లీవు వ్యాసం తీసేసి సగం చేస్తే ప్యాకింగ్ సైజు వస్తుంది: 75లోంచి 50 పోతే 25, సగం 12.5 మి.మీ. పాత రింగులన్నీ లాగేయాలి. అడుగున ఒకటి వదిలేసి పైన కొత్తవి వేస్తే వారం తిరక్కుండా మళ్లీ కారుతుంది. కొత్త రింగుల కొసలు ఏటవాలుగా కోసి, ఒక రింగు అతుకుకూ పక్క రింగు అతుకుకూ మధ్య పావు చుట్టు ఎడం పెట్టాలి. మధ్యలో నీళ్లు పంచే లాంటర్న్ రింగు ఉంటే అది సీలింగ్ నీళ్ల రంధ్రానికి ఎదురుగా కూర్చోవాలి. అది తప్పితే నీళ్లు అందక పై రింగులు మాడతాయి. నట్లు చేత్తోనే బిగించి పంపు నడపాలి. కారనివ్వాలి. తర్వాత రెండు నట్లూ సమంగా, ఒక్కో పలక చొప్పున తిప్పుతూ చుక్కలు పడే స్థితికి తేవాలి. చుక్క కూడా పడకూడదని బిగించేశారా, స్లీవు మీద గాడులు పడటం ఖాయం. ఆ చుక్కలే దానికి కందెన.

ఇక హైదరాబాదు. జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీ నుంచి పంపు షాఫ్టు వచ్చిందనుకుందాం. 6310 నంబరు బేరింగు, లోపలి వ్యాసం 50 మి.మీ., కూర్చునే చోట లూజు. షాపుల్లో అలవాటైన వైద్యం రెండు రకాలు. ఒకటి, సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బేరింగు దిగ్గొట్టడం. బేరింగు ఆ చుక్కల కొసల మీదే నిలబడుతుంది, అవి అణిగిపోగానే మళ్లీ లూజు. రెండోది, వెల్డింగుతో నింపి టర్నింగ్ చేయడం. ముందుగా వేడి చేయకుండా ఈఎన్24 అనే అల్లాయ్ ఉక్కు మీద వెల్డు వేస్తే దాని పక్కనే పగులు మొదలవుతుంది. పైగా షాఫ్టు వంగుతుంది.

ఓడలో పని నేర్చినవాడు ముందు పాత షాఫ్టును వీ ఆకారపు గాడి ఉన్న వీ బ్లాకుల మీద పెట్టి, వంపును ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి తిప్పుతాడు. బేరింగు చోట ఎర్రటి మట్టిరంగు పొడి కనబడితే, లోపలి రేసు (బేరింగు లోపలి ఉంగరం) ఎన్నాళ్లుగానో షాఫ్టు మీద కదులుతోందని అర్థం. మొదట్లోనే కొలత తక్కువ పడిందా, మోటారునూ పంపునూ కలిపే కప్లింగు అలైన్‌మెంటు తప్పిందా అన్నది తేల్చాకే కొత్తది మొదలుపెడతాడు.

కొత్త షాఫ్టు ఈఎన్8 అనే కార్బన్ ఉక్కుతో చేస్తే వరస ఇదీ. రెండు చివర్లూ ఫేసింగ్ చేసి (చదునుగా కోసి) సెంటర్ డ్రిల్ వేయాలి. చక్‌లో కాదు, రెండు సెంటర్ల మధ్య క్యారియర్‌తో తిప్పాలి. అప్పుడే అన్ని వ్యాసాలూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. రఫింగులో (మొదటి మోటు కోతలో) అర మిల్లీమీటరు వదిలి, కీవే (కప్లింగును షాఫ్టుకు బిగించే కీ కూర్చునే గాడి) ముందే కోసేయాలి. ఫినిషింగ్ అయ్యాక కోస్తే లోహంలో దాగిన ఒత్తిడి విడివడి షాఫ్టు వంకర పోతుంది. కప్లింగు చోట వ్యాసం 45 అయితే కీ 14×9, షాఫ్టులో లోతు 5.5 మి.మీ. కార్బైడ్ బిట్‌తో నిమిషానికి 100 మీటర్ల వేగం కావాలంటే 50 వ్యాసం మీద సుమారు 640 చుట్లు.

బేరింగు చోట కొలత k6 అనే ప్రామాణిక హద్దులో ఉండాలి. అంటే 50.002 నుంచి 50.018 మి.మీ. దాకా, మొత్తం వెసులుబాటు 16 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు). థౌలలో (అంగుళంలో వెయ్యో వంతుల్లో) మాట్లాడే పాత టర్నర్ల లెక్కలో ముప్పాతిక థౌ కూడా లేదు. ఇప్పుడే టూలు తీసిన షాఫ్టు మైక్రోమీటరు కన్నా 30 డిగ్రీలు వేడిగా ఉంటే, 50 మి.మీ. ఉక్కు దాదాపు 17 మైక్రాన్లు పెరిగి ఉంటుంది. వేడి మీద సరిగ్గా ఉందనుకున్నది చల్లారాక లూజు! మే నెలలో రేకుల షెడ్డులో ఎండ వేడి అంత ఇబ్బంది కాదు, జాబూ (కోస్తున్న పార్టూ) మైక్రోమీటరూ ఒకే వేడిలో ఉంటే తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. చల్లారనివ్వకపోవడంతోనే చిక్కు.

బేరింగు ఆనే షాఫ్టు భుజం దగ్గర మూల పదునుగా వదలొద్దు. 6310కి 1.5 మి.మీ. రేడియస్ ఇస్తే బేరింగు పూర్తిగా ఆనుతుంది, పదేపదే పడే భారంతో వచ్చే ఫెటీగ్ పగులుకు అవకాశం తగ్గుతుంది. బేరింగును నూనెలోనో ఇండక్షన్ హీటరు మీదో 110 డిగ్రీల దాకా వేడి చేస్తే సుమారు 45 మైక్రాన్లు విచ్చుకుని దానంతటదే జారి కూర్చుంటుంది. 120 దాటనివ్వకూడదు. గ్యాసు మంట పెట్టడం, బయటి రేసు మీద సుత్తితో కొట్టడం రెండూ పాపమే.

అదే షాఫ్టు ఎస్ఎస్316 రకం స్టెయిన్లెస్ స్టీలు అయితే పద్ధతి మారుతుంది. బిట్ కోయకుండా రుద్దిందంటే పైపొర గట్టిపడి తర్వాతి కోతకు లొంగదు. బిట్ పదునుగా, వేగం తక్కువగా, ఫీడు (బిట్ ముందుకు జరిగే దూరం) చుట్టుకు 0.1 మి.మీ.కు తగ్గకుండా నడవాలి. క్లోరైడు ఉన్నచోట 304 రకం స్టెయిన్లెస్ పెట్టి డబ్బు మిగిలిందనుకునే కస్టమరుకు, సముద్రం చూసినవాడు గుంటలు పడతాయని ముందే చెప్పేస్తాడు.

అతనికి తెలియనివీ ఉన్నాయి, మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. ఓడలో ఒక్క బుష్‌కు రోజంతా పట్టినా అడిగేవాడు లేడు. ఇక్కడ జాబ్‌వర్కు రేటు గంటల మీద నడుస్తుంది. రేటు వేసేటప్పుడు సెట్టింగ్ టైము మర్చిపోతే మొదటి నెలే నష్టం. సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే యంత్రాల) ప్రోగ్రామింగ్ చాలామందికి కొత్త. బాలానగర్‌లోనే 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. సొంత షాపు ఆలోచనకు ముందు అక్కడ ఒక కోర్సు చేయడం మేలు. 2022 నుంచి వచ్చిన అగ్నివీర్ పద్ధతిలో నాలుగేళ్లకే బయటికొచ్చే కుర్రాళ్లకు వాచ్ అలవాటు పడుతుంది గానీ, రిపేరు తీర్పుకు ఆ కాలం చాలదు. వాళ్లను మంచి ఫిట్టరు పక్కన ఇంకో రెండేళ్లు పెట్టండి.

కాగితాల గురించి ఒక్క మాట. సెయిలరుకు 15 ఏళ్ల సర్వీసు నిండితేనే సర్వీసు పెన్షన్. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా, మరోచోట చివర్న పడి ఉంటాయి. భార్య పేరూ పుట్టినతేదీ సర్వీసు రికార్డులో, ఆధార్‌లో ఒకేలా ఉన్నాయా అని డిశ్చార్జికి ముందే సరిచూసుకోవాలి. తర్వాత సరిచేయించాలంటే చెప్పులరుగుతాయి. పెన్షన్లో సగం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ముందే ఒకేసారి సొమ్ముగా తీసుకోవచ్చు. ఆ సొమ్ముతో వెంటనే లేతు కొనొద్దు. ముందు 0–25, 25–50, 50–75 మైక్రోమీటర్లు, డయల్ గేజ్, మాగ్నెటిక్ స్టాండు, ఒక జత వీ బ్లాకులు కొనుక్కుని ఇంకొకరి షాపులో ఏడాది పని చేయాలి.

పక్క బల్ల మీద రెండు విరిగిన షాఫ్టులు, ఒక మైక్రోమీటరు పెట్టాం. ఒకటి మూల దగ్గర విరిగింది, రెండోది కీవే చివర. టీ తాగుతూ కొలిచి, ఏది ఎందుకు విరిగిందో కాగితం మీద రాయండి. వాటి మీదే ప్రశ్నలు మొదలుపెడదాం.