బంకకాయల చెట్టు పేరు దొరికింది

నేను: నమస్తే అండి, వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో మా బాబాయ్ ఉన్నారు, డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. పోయినసారి చెప్పాను కదా, పెందుర్తిలో మా అమ్మమ్మ పెరట్లో ఒక చెట్టుండేది, పిల్లలమంతా బంకకాయల చెట్టు అనేవాళ్ళం, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్‌కి వేళ్ళతో సహా పడిపోయింది, ఒక్క ఫోటో కూడా లేదు. ఎవర్నడిగినా ఒకరు రేగంటారు, ఇంకొకరు పాలచెట్టంటారు, అవి రెండూ నాకు తెలుసండి, అవి కాదు.

బాబాయ్: నువ్వు అందరికీ కాయ చిన్నగా గుండ్రంగా ఉంటుందనే చెప్పావమ్మా. అలాంటివి ఎన్ని లేవు? అందుకే కాయలతో ఏం చేసేవారు అని అడిగాను.

నేను: అక్కడే తేలిపోయింది అసలు. జూన్‌లో బడి తెరిచేముందు పుస్తకాలకి అట్టలేసుకునేవాళ్ళం కదా, లేబుళ్ళు అంటించడానికి గమ్ కొన్నదే లేదు. కాయ తొడిమ దగ్గర చిన్న గిన్నెలాంటిది ఉంటుంది, అది పీకేసి రెండు వేళ్ళతో నొక్కితే గుజ్జు తీగలా సాగుతూ గింజతో సహా జారొచ్చేది, కాగితం మీద రుద్దేస్తే చాలు, ఆరాక ఇంక ఊడదు. సగం కాయలు నోట్లోకే పోయేవి, పండితే తియ్యగా ఉంటుంది కానీ ఆ గింజ నాలుకని పట్టుకుని వదలదు.

బాబాయ్: ఆ గిన్నె పువ్వుదే, రక్షకపత్రావళి. రేకలు రాలిపోయినా అది కాయ కింద ఉండిపోతుంది. అదీ బంకా రెండూ చెప్పాక విరిగి చెట్టనుకున్నాను. నక్కెర, బంకనక్కెర అని కూడా అంటారు. సైన్స్ పేరు కార్డియా డైకోటోమా, డైకోటోమా అంటే రెండుగా చీలేది. కానీ అప్పుడే తేల్చెయ్యలేదు, ఇంకో నక్కెర ఉంది, దాని ఆకులు సన్నగా పొడుగ్గా, దాదాపు ఎదురెదురుగా వస్తాయి. అందుకే ఆకు సంగతి అడిగాను.

నేను: ఆకు ఎలా మర్చిపోతాను బాబాయ్, బువ్వాలాటలో విస్తళ్ళు అవే! అరచేయంత వెడల్పు, గరుగ్గా ఉండేవి, కొమ్మకి ఒకటి ఇటు ఒకటి అటు.

బాబాయ్: అయితే విరిగే. గుజరాత్, రాజస్థాన్‌లో దీని పచ్చికాయల్ని గుందా అంటారు, ఉప్పు అద్దుకుంటూ గింజ తీసేసి, మామిడికాయ తురుము కూరి ఊరగాయ పెడతారు. ఉప్పుకి బంక విరుగుతుంది.

నేను: అమ్మమ్మకి తెలిస్తే పెట్టకుండా ఉండేది కాదు. సరే, మొన్న ఆదివారం అడవివరం వెళ్ళాం, సింహాచలం కొండ కింద ఒకాయన తోట కంచెలో ఉందని బాబాయే తీసుకెళ్ళారు. దూరం నుంచి నేను గుర్తుపట్టలేదు, నిజం చెప్తున్నా, మాది ఇంకా పెద్దదని గుర్తు, నేను చిన్నదాన్ని కదా మరి. కింద రాలిన కాయ ఒకటి తీసి గిన్నె పీకగానే చేతికి గుర్తొచ్చేసింది, బొటనవేలు దానంతటదే నొక్కింది.

బాబాయ్: గింజలు దాచావా?

నేను: పదకొండు. కడిగి నీడలో ఆరబెట్టాను, పెందుర్తిలో ఆ చెట్టు పడిన చోటే వేస్తాను. రెండు కాయలు మాత్రం ఇక్కడికి తెచ్చా, ఇదిగో నోట్‌బుక్, ఇదిగో లేబుల్… ఉండండి, అంచులకి కూడా రాయాలి.

బాబాయ్: మధ్యలోంచి బయటికి రుద్దమ్మా, బుడగలు రాకుండా.

నేను: అమ్మమ్మ కూడా ఇదే చెప్పేది! …అంటుకుంది బాబాయ్. చూడండి, అంటుకుంది.