నెట్ ఆగినప్పుడు ఏదీ మార్చకముందు చూడాల్సినవి

అందరికీ నమస్కారం. మీలో నెట్ సెంటర్లు నడిపేవాళ్లు ఉన్నారు, మీసేవ ఆపరేటర్లు ఉన్నారు, స్కూళ్లలో కాలేజీల్లో కంప్యూటర్ ల్యాబులు చూసుకునేవాళ్లు ఉన్నారు. అనంతపురంలో మే, జూన్ నెలలొస్తే అడ్మిషన్లు, ఆదాయ, కుల సర్టిఫికెట్లు, ఫీజులు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. కౌంటరు ముందు జనం నిలబడి ఉన్నప్పుడే "అన్నా, నెట్టు వస్తా లేదు" అని పిలుపొస్తుంది. ఆ తొందరలో రౌటర్ ఆపి మళ్లీ వేస్తాం. కుదరకపోతే కేబుల్ మార్చి, పోర్టు మార్చి, డ్రైవర్ తీసి మళ్లీ వేసి, చివరికి విండోసే కొత్తగా ఎక్కిస్తాం. ఎక్కడో ఒకచోట నెట్ వచ్చేస్తుంది. ఏది చెడిందో మాత్రం తెలియదు, కాబట్టి వారం తిరక్కుండా మళ్లీ అదే పని.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఏదీ మార్చకముందు ఎక్కడిదాకా బాగుందో తేల్చుకోండి. ఆ తర్వాత ఒక్కోసారి ఒక్కటే మార్చండి.

మొదట సీపీయూ వెనక్కి వెళ్లి, నెట్ కేబుల్ పెట్టే ల్యాన్ పోర్టు లైట్లు చూడండి. లైటు వెలగకపోతే అవతలి కొన, అంటే కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ డబ్బా దగ్గర, అదే కేబుల్ పెట్టిన పోర్టు లైటు కూడా చూడండి. రెండు చోట్లా లేకపోతే, పక్క సిస్టంలో బాగా నడుస్తున్న కేబుల్ తెచ్చి పెట్టండి. వెలిగిందా, తప్పు కేబుల్‌ది. వెలగలేదా, అదే మంచి కేబుల్‌ను స్విచ్‌లో వేరే పోర్టుకు మార్చండి. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చాలా డెస్క్‌టాప్‌లలో సిస్టం షట్‌డౌన్ చేసినా ల్యాన్ చిప్‌కు స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి లైటు ఉందంటే కేబుల్ రెండు కొనలూ కలిశాయని మాత్రమే. విండోస్ సంగతి వేరుగా చూడాలి.

మంచి కేబుల్‌తోనూ లైటు రాకపోతే డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్ల కింద రియల్‌టెక్ అనో ఇంటెల్ అనో కార్డు పేరు కనిపించాలి. దాని మీద కిందికి చూపే బాణం ఉంటే ఎవరో డిసేబుల్ చేశారు, ఎనేబుల్ చేస్తే సరి. పసుపు త్రికోణం ఉంటే డ్రైవర్ సమస్య. అసలు పేరే లేకపోతే వెంటనే బోర్డు పోయిందనుకోకండి. సిస్టం ఆపి, పవర్ కార్డు, ల్యాన్ కేబుల్ రెండూ పీకేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. ఇందాక చెప్పిన స్టాండ్‌బై కరెంటు వల్ల చిప్ ఎక్కడో బిగుసుకుపోయి ఉంటే, మామూలు రీస్టార్ట్‌కు వదలదు, దీనికి వదులుతుంది. అప్పటికీ రాకపోతే బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగులలో) ఆన్‌బోర్డ్ ల్యాన్ ఎనేబుల్‌లో ఉందో లేదో చూడండి.

లైటు వెలుగుతోంది, కానీ నెట్ నత్తనడక నడుస్తోంది. ఇది ఎక్కువమంది పట్టించుకోని ఫిర్యాదు. రన్‌లో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టి, ఈథర్‌నెట్ మీద డబుల్ క్లిక్ చేస్తే స్పీడ్ అని ఒక వరుస ఉంటుంది. అందులో 1 జీబీపీఎస్ ఉండాల్సిన చోట 100 ఎంబీపీఎస్ ఉంటే ఆగి ఆలోచించాలి. స్విచ్ పాతదై, దాని పోర్టులే 100వి అయితే తప్పేం లేదు. రెండు వైపులా గిగాబిట్ పోర్టులుండి 100 చూపిస్తుంటే తప్పు దాదాపు ఎప్పుడూ కేబుల్‌లోనే. ఎందుకంటే 100 స్పీడుకు ఎనిమిది వైర్లలో నాలుగే చాలు, 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. నీలం జతలోనో బ్రౌన్ జతలోనో ఒక్క వైరు తెగినా చాలా కార్డులు కిమ్మనకుండా 100కి దిగిపోతాయి. కొన్ని దిగకుండా కలుస్తూ తెగుతూ ఉంటాయి. అలాంటప్పుడు కొందరు కార్డు సెట్టింగులలో స్పీడును 100 ఫుల్ డ్యూప్లెక్స్ (పంపడం, అందుకోవడం రెండూ ఒకేసారి) అని బలవంతంగా పెడతారు. అది చేయకండి. ఇటువైపు ఫిక్స్ చేసి అటువైపు స్విచ్ ఆటోలో ఉంటే, స్విచ్ హాఫ్ డ్యూప్లెక్స్, అంటే ఒకసారికి ఒకవైపే, అనుకుంటుంది. పింగ్, అంటే జవాబు వస్తుందో లేదో చూసే చిన్న సందేశం, బాగానే వెళ్తుంది, పెద్ద ఫైలు కాపీ పెట్టగానే పాకుతుంది. రెండు వైపులా ఆటోనే ఉంచి కేబుల్ బాగుచేయండి.

కేబుల్ అన్నాం కాబట్టి క్రింపింగ్, అంటే కేబుల్ కొనకు కనెక్టర్ బిగించే పని, దగ్గర కాసేపు ఉందాం. మన దగ్గర వాడే వరుస టీ568బీ: ఆరెంజ్ తెలుపు, ఆరెంజ్, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, బ్రౌన్ తెలుపు, బ్రౌన్. మూడో చోట మొదలైన ఆకుపచ్చ జత ఆరో చోట ముగుస్తుంది, మధ్యలో నీలం జత కూర్చుంటుంది. రెండు కొనలూ ఒకేలా ఉంటే చాలు కదా అని కొందరు జతలను వరసగా పెట్టేస్తారు, ఆకుపచ్చ తెలుపు పక్కనే ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం తెలుపు, నీలం. టెస్టర్ పెడితే 1 నుంచి 8 దాకా లైట్లు సక్రమంగా వెలుగుతాయి. అయినా నెట్ సరిగా నడవదు. 3, 6 పిన్నులు ఒక జతగా పనిచేయాలి, కానీ ఇప్పుడు మూడులో ఆకుపచ్చ తెలుపు, ఆరులో నీలం ఉన్నాయి. మెలి తిప్పిన జోడీ విడిపోయింది, పక్క జతల గోల అంతా లోపలికి వస్తుంది. చిన్న టెస్టర్ వైరు తెగిందో లేదో చెబుతుంది గానీ జోడీ విడిపోయిందని చెప్పలేదు. కంటితో రంగులు చూసుకోవాల్సిందే.

కేబుల్ పై తొడుగును, అంటే జాకెట్‌ను, రెండున్నర సెంటీమీటర్ల దాకా ఒలిచి, వైర్లు సరిచేసి, వరుస పెట్టి, 12 మిల్లీమీటర్ల దగ్గర ఒకే కోతగా కత్తిరించండి. మెలిక విప్పిన భాగం 13 మిల్లీమీటర్లు దాటకూడదు. కనెక్టర్ ముందు వైపు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలూ కనపడాలి. జాకెట్ కనెక్టర్ లోపలికి వెళ్లి, వెనక ఉన్న ప్లాస్టిక్ నొక్కు దాని మీద పడాలి. జాకెట్ బయటే ఉండి ఉత్త వైర్లు లోపలికి పోతే, కేబుల్ కదిలిన ప్రతిసారీ బరువంతా ఆ సన్నని వైర్ల మీదే పడుతుంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా నెట్ పోయే సిస్టం ఏదైనా మీ దగ్గరుంటే ముందు ఇది చూడండి.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. తక్కువ ధరకు దొరికే 305 మీటర్ల పెట్టెల్లో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం వైరు ఉంటుంది. బ్లేడుతో వైరు మీద గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. నిజమైన రాగి ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. అల్యూమినియం వైరుకు నిరోధకత ఎక్కువ, నాలుగైదుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. పెట్టె బరువు చూసినా తేడా తెలుస్తుంది. ల్యాబు మొత్తం గోడల్లో వేసే కేబుల్‌కు డబ్బు మిగుల్చుకోవద్దని నా మాట. ఇక పొడవు విషయం, స్విచ్ నుంచి సిస్టం దాకా మొత్తం 100 మీటర్లు దాటకూడదు.

కేబుల్ బాగుంది, స్పీడు బాగుంది. ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టండి. అడ్రస్ 169.254తో మొదలైతే, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని అర్థం, విండోస్ తనంతట తాను ఒక నంబరు పెట్టుకుంది. సరైన నంబరు వచ్చి ఉంటే గేట్‌వేను, అంటే మీ రౌటర్‌ను, పింగ్ చేయండి. వైరు మీద గేట్‌వే జవాబు 1 మిల్లీసెకను లోపే రావాలి. నాలుగు పింగులతో ఆపకండి, మైనస్ ఎన్ 100 పెట్టి వంద పంపండి. వందలో రెండు మూడు పోయినా అది కేబుల్, కనెక్టర్, పోర్టుల వైపే చూపిస్తుంది. గేట్‌వే బాగుంటే, బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8ను పింగ్ చేయండి. పక్క సిస్టం నుంచి కూడా గేట్‌వే వస్తూ, 8.8.8.8 రాకపోతే తప్పు మీ గదిలో లేదు. ఫైబర్ డబ్బా మీద, సిగ్నల్ అందలేదని చెప్పే ఎల్ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే సర్వీస్ వాళ్లకు ఆ మాటే చెప్పండి, "నెట్ రావట్లేదు" అనడం కన్నా పని తొందరగా అవుతుంది. 8.8.8.8 వస్తూ సైట్లు తెరుచుకోకపోతే తప్పు సైటు పేరును నంబరుగా మార్చే డీఎన్‌ఎస్‌ది, లేదా బ్రౌజర్‌లో మిగిలిపోయిన ప్రాక్సీ సెట్టింగుది.

అన్ని పింగులూ వస్తాయి, కానీ ప్రతి సైటూ కనెక్షన్ సురక్షితం కాదంటుంది. అప్పుడు గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవు. నెట్‌వర్క్‌ది ఏ తప్పూ లేదు, 3 వోల్టుల బ్యాటరీ మార్చాలి.

కొన్ని సిస్టంలకు నెట్ వచ్చి కొన్నింటికి రాకపోతే, ఆ ఐపీకాన్ఫిగ్‌లోనే డీహెచ్‌సీపీ సర్వర్ అనే వరుసను రెండు సిస్టంలలో పోల్చండి. వేర్వేరు నంబర్లుంటే, వైఫై కోసం ఎవరో పాత రౌటర్ తెచ్చి స్విచ్‌కు తగిలించారు, అది కూడా అడ్రసులు పంచుతోంది. దానిలో డీహెచ్‌సీపీ ఆపేసి, మొదటి రౌటర్ వరుసలో ఎవరికీ ఇవ్వని అడ్రస్ ఒకటి పెట్టి, ల్యాన్ పోర్టు నుంచే కలపండి. గదిలో అన్నీ ఒక్కసారే ఆగిపోయి, స్విచ్ లైట్లన్నీ ఒకే తాళంలో విడవకుండా టపటపా కొట్టుకుంటుంటే లూపు పడింది. నేల మీద పడి ఉన్న కొనను ఎవరో మంచికేనని అదే స్విచ్‌లో గుచ్చి ఉంటారు. ఒక్కో కేబుల్ తీస్తూ పోండి, ఏది తీయగానే లైట్లు నెమ్మదిస్తాయో అదే.

చివరగా మిద్దె మీద నుంచి పోయే కేబుళ్లు. లోపల వాడే పీవీసీ జాకెట్ మన ఎండకు పగులుతుంది. ఆ పగుళ్లలోంచి వాన నీళ్లు దిగి, జాకెట్ లోపలే జారుకుంటూ కనెక్టర్ దాకా వస్తాయి, పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది. బయటికి నల్ల పాలిథీన్ జాకెట్ కేబుల్ వేయండి, కిటికీలోంచి లోపలికి తెచ్చే ముందు కాస్త కిందికి వేలాడదీయండి, నీళ్లు అక్కడే కారిపోతాయి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో పడే పిడుగులు ఇంకా పెద్ద నష్టం చేస్తాయి. పిడుగు మీద పడక్కర్లేదు, దగ్గర్లో పడినా పొడవాటి వైరులో వోల్టేజీ పుడుతుంది. ల్యాన్ పోర్టు లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 1500 వోల్టుల దాకా తట్టుకునేలా చేసింది. అది దాటితే చిప్ కాలుతుంది. అందుకే రెండు భవనాల మధ్య రాగి వద్దు, ఫైబర్ వేసి రెండు కొనలా, ఫైబర్‌ను రాగి కేబుల్‌తో కలిపే మీడియా కన్వర్టర్ పెట్టుకోండి. ఫైబర్‌కు ఊతంగా ఉండే ఉక్కు తీగను గోడ దగ్గరే ఆపేయండి, పరికరం దాకా తేవద్దు.

ల్యాన్ చిప్ కాలిపోయినా మదర్‌బోర్డు మార్చాల్సిన పనిలేదు. ఖాళీ స్లాటుంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ల్యాన్ కార్డు, లేకపోతే యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్. అడాప్టర్‌ను 3.0 పోర్టులోనే పెట్టండి, 2.0 పోర్టు హద్దే 480 ఎంబీపీఎస్, గిగాబిట్ రాదు. కొత్త కార్డు పెట్టాక బయోస్‌లో పాత ఆన్‌బోర్డ్ ల్యాన్‌ను డిసేబుల్ చేసి, కాలిన పోర్టు మీద ఒక టేపు ముక్క అంటించండి, రేపు ఇంకొకరు దాంట్లో కేబుల్ పెట్టకుండా.