మైనస్ 71 ఆగట్లేదు మేడమ్

వ్యాఖ్యాత: లినక్స్ డ్రైవర్ల మీద, అంటే పరికరాలను కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్‌ల మీద ఫోన్-ఇన్ వింటున్నారు. వరంగల్ నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. అడగండి.

కాలర్: నమస్తే మేడమ్. పత్తి తూకం కాంటాకి యూఎస్‌బీ డ్రైవర్ రాశాను. బానే నడుస్తోంది. కేబుల్ పీకితే మాత్రం కెర్నల్ లాగ్ నిండా ఒకటే ఎర్రర్, మైనస్ 71, మైనస్ 71... సిస్టమ్ బిగుసుకుపోతోంది. మా ఓనరేమో కేబుల్ మార్చమంటాడు, మూడు మార్చాను. ముందు సీరియల్ కాంటా ఉండేది మేడమ్, అప్పుడైతే అసలు...

నిపుణురాలు: కేబుల్ సంగతి వదిలెయ్ బాబూ. కంప్లీషన్ హ్యాండ్లర్‌లో, అంటే పంపిన రిక్వెస్ట్ ముగిశాక కెర్నల్ పిలిచే నీ ఫంక్షన్‌లో, ఎర్రర్ వస్తే ఏం చేస్తున్నావు?

కాలర్: ప్రింట్ చేసి మళ్ళీ సబ్మిట్.

నిపుణురాలు: ఏ ఎర్రర్ వచ్చినా?

కాలర్: ఏదొచ్చినా అంతే మేడమ్.

నిపుణురాలు: అదీ సంగతి. కేబుల్ పీకాక హబ్ గమనించి, నీ డిస్‌కనెక్ట్ ఫంక్షన్ దాకా కబురు రావడానికి కొంత టైమ్ పడుతుంది. ఆలోగా నువ్వు సబ్మిట్ చేసే ప్రతి యూఎస్‌బీ రిక్వెస్టూ, అదే యూఆర్‌బీ, మైనస్ 71తో, అంటే ప్రోటోకాల్ ఎర్రర్‌తో తిరిగొస్తుంది. నువ్వు ఆగకుండా పంపుతున్నావు, అది ఆగకుండా తిరిగొస్తోంది.

కాలర్: కానీ సబ్మిట్ సున్నానే ఇస్తోంది మేడమ్!

నిపుణురాలు: సున్నా అంటే ఉత్తరం డబ్బాలో పడిందని, అంతే. చేరిందో లేదో హ్యాండ్లర్‌లో స్టేటస్ చెబుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడే పడతారు! మైనస్ 2, 104, 108 వస్తే మనమే ఆపామనో, పరికరం పోయిందనో అర్థం. మళ్ళీ సబ్మిట్ చేయకుండా రిటర్న్ అయిపో. 71 వస్తే వెంటనే పంపకుండా టైమర్ పెట్టు. కీబోర్డులు, మౌస్‌ల యూఎస్‌బీ డ్రైవర్ చూడు: ముందు 13 మిల్లీసెకన్లు ఆగుతుంది, తర్వాత 26, 52, 104. సెకను దాటినా కుదరకపోతే పోర్ట్ రీసెట్.

కాలర్: అంటే సున్నా వచ్చినా...

నిపుణురాలు: డబ్బాలో పడింది నాన్నా, అంతే!

వ్యాఖ్యాత: థాంక్యూ. తర్వాత గుంటూరు.

కాలర్: మేడమ్, మైనస్ 32 వస్తే, అంటే పరికరం వైపు దారి ఆగిపోతే, దాన్ని తెరిచే క్లియర్ హాల్ట్‌ని హ్యాండ్లర్‌లోనే పిలుస్తున్నా. కెర్నల్ ‘షెడ్యూలింగ్ వైల్ అటామిక్’ అని ఎర్రర్ ఇస్తోంది.

నిపుణురాలు: అది నిద్రపోయే, అంటే పని అయ్యేదాకా ఆగే ఫంక్షనమ్మా, ఆగకూడని హ్యాండ్లర్‌లో కుదరదు. పనిని తర్వాత విడిగా చేసే వర్క్‌క్యూకి ఇవ్వు. హ్యాండ్లర్‌లో మళ్ళీ సబ్మిట్ చేసేటప్పుడు కూడా నిద్రపోకుండా మెమరీ అడిగే జీఎఫ్‌పీ అటామికే వాడాలి.

కాలర్: ఇంకోటి, సబ్మిటే ఫెయిలైతే బఫర్...

నిపుణురాలు: నువ్వే ఫ్రీ చేయాలి. అప్పుడు హ్యాండ్లర్ అసలు నడవదు.

వ్యాఖ్యాత: సరే, తర్వాతి కాలర్... మళ్ళీ వరంగలేనా?

కాలర్: నేనే మేడమ్. టైమర్ పెట్టి చూశాను, 71 వరద ఆగింది. ఇప్పుడు కేబుల్ పీకితే ఏకంగా క్రాష్!

నిపుణురాలు: డిస్‌కనెక్ట్‌లో ఏం రాశావు?

కాలర్: కిల్ యూఆర్‌బీతో రిక్వెస్ట్ ఆపి, తర్వాత కేఫ్రీతో మెమరీ వదిలేస్తున్నా.

నిపుణురాలు: టైమర్ ఎవరు ఆపుతారు? కిల్ అయ్యాక కూడా అది మోగి, ఫ్రీ చేసిన మెమరీని ముట్టుకుంటోంది. కిల్ బదులు పాయిజన్ వాడు, ఆ తర్వాత ఎవరు సబ్మిట్ చేసినా తిప్పికొడుతుంది. తర్వాత టైమర్‌ని సింక్‌తో, అంటే అది నడుస్తుంటే ముగిసేదాకా చూసి, ఆపు. అప్పుడు ఫ్రీ.

కాలర్: టైమర్ ముందు ఆపితే?

నిపుణురాలు: హ్యాండ్లర్ ఇంకా బతికే ఉందిగా, మళ్ళీ పెడుతుంది! పాయిజన్ ముందు.

కాలర్: మరి సబ్మిట్ సున్నా ఇస్తే...

వ్యాఖ్యాత: టైమ్ అయిపోయిందండీ. మేడమ్, థాంక్యూ.